వందల థీసిస్‌లు, తేలని ప్రశ్నలు: వైద్య పరిశోధన మండలికి ఒక చిగుళ్ల డాక్టరు బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారత వైద్య పరిశోధన మండలి డైరెక్టర్ జనరల్ గారికి, దంత వైద్య విద్యను నియంత్రించే పెద్దలకు,

నమస్కారం.

నేను కోస్తా ఆంధ్రలో ఒక డెంటల్ కాలేజీలో చిగుళ్ల వైద్యం చెప్పే టీచర్ని. పొద్దున ఓపీ, మధ్యాహ్నం సర్జరీలు, సాయంత్రం పీజీ పిల్లల థీసిస్‌లు దిద్దడం. ఈ ఉత్తరం ఆ మూడో పని గురించి. అడగదల్చుకున్నది ముందే చెప్పేస్తాను. దేశంలోని చిగుళ్ల విభాగాల్లో ఏటా తయారయ్యే ఎండీఎస్ (దంత వైద్యంలో పీజీ డిగ్రీ) థీసిస్‌లను ఎవరికి వారు విడిగా చేసుకునే పద్ధతి మానిపించి, కొన్నింటినైనా ఉమ్మడి ట్రయల్స్‌గా, అంటే చాలా కాలేజీలు ఒకే పద్ధతిలో కలిసి రోగులతో చేసే పరీక్షలుగా మార్చండి. ఆ ట్రయల్స్‌లో మొదటి ప్రశ్నలు జబ్బుతో కరిగిన ఎముక గుంటలు పూడ్చడానికి మేం రోజూ పేషెంట్ నోట్లో పెట్టే ఎముక పొడుల గురించి, కొల్లాజెన్ పొరల గురించి, పంటి చికిత్సల్లో దెబ్బతినే నరాల గురించి ఉండనివ్వండి.

ఇప్పుడు థీసిస్ ఎలా పుడుతుందో మీకు తెలియనిది కాదు, అయినా ఒకసారి చెప్పనివ్వండి. సీటు వచ్చి చేరిన కొన్ని నెలలకే పిల్లలు సినాప్సిస్, అంటే థీసిస్ ప్రతిపాదన ఇవ్వాలి. అప్పటికి వాళ్లకు ఫ్లాప్ ఎత్తడం (సర్జరీకి చిగురును కోసి తెరవడం) కూడా చేతికి అలవాటు అయి ఉండదు. లైబ్రరీకి వెళ్లి సీనియర్ల థీసిస్‌లు తిరగేస్తారు. ఎముక పొడి మీద అయిపోయిందా? అయితే ఎముక పొడితో పీఆర్ఎఫ్ (రోగి రక్తం నుంచే తీసే జెల్లీ లాంటి గడ్డ). అదీ అయిపోయిందా? దానికి హయలురోనిక్ ఆమ్లం కలుపుదాం. మరుసటి ఏడాది పసుపు జెల్, ఆపై గ్రీన్ టీ, ఆ తర్వాత కలబంద. గుంపుకు పది మందో, పదిహేను మందో, మహా అయితే ఇరవై మంది. ఆరు నెలల ఫాలో అప్. చివర్లో ‘ఇంకా పెద్ద సంఖ్యలో రోగులతో, ఎక్కువ కాలం అధ్యయనం చేయాల్సిన అవసరం ఉంది’ అన్న వాక్యం. ఆ వాక్యం రాయని థీసిస్ నేను చూడలేదు. ఆ పెద్ద అధ్యయనం చేసినవాళ్లనూ చూడలేదు.

మన దేశంలో 300కు పైగా డెంటల్ కాలేజీలున్నాయి. వాటిలో పీజీ ఉన్నచోటల్లా ఇదే కథ. నీళ్లు పడేదాకా ఒక్క బావి తవ్వాల్సిన చోట తలా మూడడుగుల గుంట తవ్వి ఇంటికెళ్లిపోతున్నాం. జాబితా కోసం ఎక్కడా వెతకక్కర్లేదు, అది మీ దగ్గరే ఉంది. 2018 ఏప్రిల్ 1 నుంచి ప్రతి క్లినికల్ ట్రయల్‌నూ మొదటి రోగిని చేర్చుకోకముందే మీ ఆధ్వర్యంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో నమోదు చేయాలి. అందులో పీజీ థీసిస్ అని గుర్తుపెట్టే వీలు కూడా ఉంది. చిగుళ్ల జబ్బు పేరు కొట్టి చూడండి. అవే పాకెట్లు (జబ్బు వల్ల పన్నుకూ చిగురుకూ మధ్య ఏర్పడే లోతైన ఖాళీలు), అవే పొడులు, కాస్త అటూ ఇటూ మార్చిన శీర్షికలు వరసగా కనిపిస్తాయి.

చిన్న అధ్యయనాలంటే నాకు చులకన లేదు. కానీ లెక్క లెక్కే. పాకెట్ లోతులో మనిషికీ మనిషికీ మధ్య తేడా ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా ఉంటుందనుకుందాం. రెండు పద్ధతుల మధ్య ఒక మిల్లీమీటరు తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే గుంపుకు 35 మంది కావాలి. తేడా అర మిల్లీమీటరే అయితే గుంపుకు 140 మంది దాకా కావాలి. మేం పదిహేను మందితో తేలుస్తామంటున్నాం. దానికి తోడు ప్రోబ్ (పాకెట్ లోతు కొలిచే సన్నని పుల్ల లాంటి పరికరం) పట్టుకునే చెయ్యి ఒకటి ఉంది. ఒకే పాకెట్‌ను ఇద్దరు డాక్టర్లు కొలిస్తే ఒక మిల్లీమీటరు తేడా రావడం మామూలే. మేం గొప్పగా చెప్పుకునే ఫలితం చాలాసార్లు ఆ చేతుల తేడాలోనే కలిసిపోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. చిగుళ్ల జబ్బు అందరిలో ఒకేలా ముదరదు. నార్వేకు చెందిన హెరాల్డ్ లో, ఆయన సహచరులు శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది మగవాళ్లను 1970 నుంచి 1985 దాకా గమనించారు. బ్రష్ అలవాటు లేదు, పంటి డాక్టరు లేడు, అందరి పళ్ల మీదా పాచి, గార దండిగా ఉన్నాయి. అయినా 8 శాతం మందిలో జబ్బు శరవేగంగా ముదిరి పళ్లు రాలాయి. 81 శాతం మందిలో నెమ్మదిగా సాగింది. మిగిలిన 11 శాతం మందిలో చిగుళ్ల వాపు దాటి ముందుకే వెళ్లలేదు. ఇప్పుడు మా పదిహేను మంది గుంపును తలచుకోండి. అందులో వేగంగా ముదిరే రకం ఒకరుంటారేమో, ఆ ఒక్కరూ ఏ గుంపులో పడితే ఆ గుంపు ఓడిపోతుంది. మందు పనిచేసిందా, ఆ మనిషి శరీర తత్వం పనిచేసిందా అన్నది ఎవరికీ తెలియదు.

పళ్ల చిగుళ్ల కోసం ఇంత హడావిడి ఎందుకని ఎవరైనా అడగొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం తీవ్రమైన చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లు ప్రపంచంలో 100 కోట్లకు పైనే. మీ మండలి జరిపిన ఇండియాబ్ సర్వే మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని 2023లో చెప్పింది. ఈ రెండు జబ్బులూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల చుట్టూ ఎముక త్వరగా కరుగుతుంది, చిగుళ్లలో ఆగని వాపు షుగర్‌ను దిగనివ్వదు. చిగుళ్లు బాగు చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష) సగటున 0.43 శాతం పాయింట్లు తగ్గుతుందని 35 అధ్యయనాలను కలిపి చూసిన 2022 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఆ 35 కలపడం ఎందుకు కుదిరిందో గమనించారా? హెచ్‌బీఏ1సీని అందరూ ఒకేలా కొలిచారు కాబట్టి. మా చిగుళ్ల సర్జరీ థీసిస్‌లను అలా కలుపుదామంటే కుదరదు. ఒకరు ఎక్స్‌రేలో ఎముక ఎత్తు కొలుస్తారు, ఒకరు శాతాల్లో చెబుతారు, ఒకరు మూడు నెలలకు ఆపేస్తారు, ఒకరు తొమ్మిది నెలలకు.

పీఆర్ఎఫ్ సంగతే చూడండి. రోగి చేతి నుంచి పది మిల్లీలీటర్ల రక్తం తీసి, గడ్డకట్టకుండా చేసే మందేమీ కలపకుండా సెంట్రిఫ్యూజ్ అనే గిరగిర తిప్పే యంత్రంలో పన్నెండు నిమిషాలు తిప్పితే మధ్యలో పసుపుపచ్చని జెల్లీ లాంటి గడ్డ తయారవుతుంది. ఫ్రాన్స్‌లో జోసెఫ్ షుక్రూన్ 2001లో చెప్పిన పద్ధతి ఇది. బయట కొనాల్సిన మందు లేదు, జంతువుల నుంచి తీసిందీ కాదు, ఖర్చు గాజు ట్యూబుదే. మన దేశానికి ఇంతకన్నా సరిపోయే వస్తువు ఉండదు. అందుకే మన దగ్గర దీని మీద లెక్కలేనన్ని థీసిస్‌లు వచ్చాయి. కానీ చాలావాటిలో ‘నిమిషానికి 2700 చుట్లు’ అని రాసి వదిలేస్తారు. సెంట్రిఫ్యూజ్ చక్రం ఎంత వెడల్పుందో చెప్పకుండా చుట్ల సంఖ్య ఒక్కటే చెబితే, రక్తం మీద ఎంత బలం పడిందో తెలియదు. ఒక కాలేజీ పీఆర్ఎఫ్, పక్క ఊరి కాలేజీ పీఆర్ఎఫ్ ఒకటో కాదో చెప్పలేం. ఒక్క పేజీ ఉమ్మడి ప్రోటోకాల్ ఉంటే ఈ ఇన్నేళ్ల శ్రమలో సగమైనా పనికొచ్చేది.

చిగుళ్ల వైద్యంలో పెద్ద మలుపులు పెద్ద భవనాల్లోంచి రాలేదు. 1982లో స్వీడన్‌లో స్టూరే నైమన్ బృందం ఒక రోగి కింది దవడ ముందు పన్ను మీద ప్రయోగం చేసింది. ఫ్లాప్ మూసేముందు పంటి వేరుకూ చిగురుకూ మధ్య ప్రయోగశాలల్లో వాడే వడపోత పొరను పెట్టారు. చిగురు పైపొర కణాలు వేగంగా పాకి ఖాళీని ఆక్రమించేస్తాయి. వాటిని ఆపితే, పంటిని ఎముకకు కట్టి ఉంచే, నెమ్మదిగా పెరిగే బంధన కణాలకు చోటు దొరుకుతుంది. మూడు నెలల తర్వాత చూస్తే వేరు మీద కొత్త అతుకు ఏర్పడింది. ఇవాళ మార్కెట్లో ఉన్న గైడెడ్ టిష్యూ పొరలన్నీ ఆ ఒక్క పంటి సంతానమే. బయోయాక్టివ్ గాజు కథా అలాంటిదే. 1967లో ఒక సమావేశానికి బస్సులో వెళ్తున్న లారీ హెంచ్ అనే గాజు శాస్త్రవేత్తను పక్క సీట్లోని అమెరికా సైన్యపు కర్నల్ అడిగాడట, మనిషి ఒంట్లో పెడితే ఒళ్లు తోసేయని పదార్థం మీరు చేయగలరా అని. రెండేళ్లకు, ఎముకకు అతుక్కునే గాజు తయారైంది. అదే ఇవాళ మా దగ్గర ఎముక పొడిగా ఉంది, పళ్లు జివ్వుమనే వాళ్ల టూత్‌పేస్టుల్లోనూ ఉంది.

మా పీజీలు దాదాపు అందరూ వాడే టెట్రాసైక్లిన్ అనే యాంటీబయోటిక్ గురించి కూడా ఒక మాట చెప్పాలి, తెలుగువాళ్లకు గర్వంగా ఉండే మాట. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనశాలలకు నాయకత్వం వహిస్తున్నప్పుడే, ఆయన బృందంలోని బెంజమిన్ డగ్గర్ ఆ కుటుంబంలో మొదటి మందైన ఆరియోమైసిన్‌ను కనిపెట్టారు. 1948లో అది బయటికొచ్చింది. ఆ మందులు క్రిములను చంపడమే కాకుండా, కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైమ్‌లను అడ్డుకుంటాయని లోర్న్ గోలబ్ 1980లలో చూపించారు. అందుకే క్రిములను తాకనంత తక్కువ మోతాదులో, 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్‌ను చిగుళ్ల జబ్బుకు ఇవ్వొచ్చని అమెరికా 1998లో అనుమతించింది.

సరే, వస్తువుల దగ్గరికి వస్తాను. నా ఓపీకి వచ్చే రైతుకూలీకి నేను ఎముక పొడి గురించి చెబితే మొదటి ప్రశ్న ధర. రెండో ప్రశ్న వాళ్లు అడగరు, మేమే చెప్పాలి, చాలాచోట్ల చెప్పం. ప్రపంచంలో ఎక్కువగా పరీక్షకు నిలిచిన ఎముక పొడి ఆవు ఎముకల నుంచి తీసింది. పేరున్న పొరల్లో కొన్ని పంది చర్మపు కొల్లాజెన్‌వి. పంటి బంధనం మళ్లీ పెరగడానికి వాడే ఎనామిల్ ప్రోటీన్ పంది పిల్లల పళ్ల నుంచి వస్తుంది. హిందువైనా, ముస్లిమైనా, జైనుడైనా రోగికి ఈ సంగతి తెలియాలి కదా. ఒప్పుకోలు పత్రంలో ఇంగ్లిష్‌లో ఒక్క మాట రాసి సంతకం పెట్టించుకుంటే బాధ్యత తీరిపోయిందనుకుంటున్నాం. జంతువు పేరు తెలుగులో పెద్దక్షరాలతో రాయాలని మీరు ఒక్క ఆదేశం ఇస్తే చాలు, అది రేపే అమలైపోతుంది. దీనికి ట్రయల్ కూడా అక్కర్లేదు.

ప్రత్యామ్నాయాలు లేవా అంటే ఉన్నాయి. చేపల కొల్లాజెన్‌తో పొరలు మన దేశంలోనే తయారవుతున్నాయి. హైడ్రాక్సీ అపటైట్ పొడులూ దేశంలో తయారవుతున్నాయి. ధర తక్కువ. అవి దిగుమతి సరుకుకు సమానమా, తక్కువా, ఎంత తక్కువ అని అడిగితే నా దగ్గర నమ్మకమైన జవాబు లేదు. మీ దగ్గరా లేదు. రోగి మాత్రం డబ్బు కట్టి వెళ్తున్నాడు. నేను వేయమంటున్న మొదటి ప్రశ్న ఇదే: మూడు మిల్లీమీటర్లకు మించిన లోతున్న ఎముక గుంటల్లో స్వదేశీ పొర, పొడి, పీఆర్ఎఫ్ దిగుమతి సరుకుకు దీటుగా నిలుస్తాయా? ఏడాది ఫాలో అప్‌తో, కొన్ని వందల మందిలో చూడాలి. ఒక్క కాలేజీకి ఇది అసాధ్యం. పాతిక కాలేజీలు కలిస్తే ఒక్కో పీజీ వాటాకు పది పదిహేను మందే వస్తారు. అంటే ఇప్పుడు చేస్తున్న పనే.

ఇక నరాల సంగతి. చిగుళ్ల డాక్టరుకు నరాలతో పనేమిటని మీ కమిటీల్లో ఎవరైనా అనొచ్చు, అందుకే కాస్త వివరంగా రాస్తాను. కింది దవడ ఎముకలో ఒక నరం గొట్టంలో సాగినట్టు సాగుతుంది. జ్ఞాన దంతం తీసేటప్పుడో, ఇంప్లాంట్ (పోయిన పంటి చోట ఎముకలో బిగించే మర) దించేటప్పుడో దానికి దెబ్బ తగిలితే కింది పెదవి, గడ్డం మొద్దుబారతాయి. నాలుక నరానికి తగిలితే రుచి పోతుంది, అన్నం తింటూ నాలుక కొరుక్కున్నా తెలియదు. చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో స్పర్శ తిరిగొస్తుంది. కొందరికి రాదు. ఎంతమందికి రాదు? మన దేశంలో ఎవరూ ఒకచోట లెక్క రాయడం లేదు. ఇంప్లాంట్లు చిన్న పట్టణాల క్లినిక్కులకు చేరాయి, మొద్దుబారిన పెదవుల లెక్క మాత్రం ఏ రిజిస్టరుకూ చేరలేదు. పరువు పోతుందని, కోర్టుకెక్కుతారని డాక్టర్లకు టెన్షన్. పేర్లు లేకుండా నమోదు చేసే రిజిస్ట్రీ ఒకటి మీరు పెడితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

దవడ దాటి చూస్తే నరాల గాయాలు ఇంకా పెద్ద కథ. 2022లో మన రోడ్ల మీద 4.43 లక్షల మంది గాయపడ్డారు. చనిపోయిన 1.68 లక్షల మందిలో 44 శాతానికి పైగా టూవీలర్ల మీద వెళ్లినవాళ్లే. బండి మీద నుంచి భుజం నేలకు కొట్టుకునేలా పడితే మెడ నుంచి చేతికి వెళ్లే నరాల గుంపు సాగి తెగుతుంది. నరం మళ్లీ పెరిగేది రోజుకు ఒక మిల్లీమీటరు. మెడ దగ్గర్నుంచి అరచేతి దాకా 70 సెంటీమీటర్లనుకుంటే దాదాపు రెండేళ్లు. నరం అందని కండరం ఏడాది, ఏడాదిన్నర దాటితే తిరిగి కదిలే గుణం కోల్పోతుంది. నరం చేరేసరికి కండరం ఉండదు. పాతికేళ్ల కుర్రవాడి చెయ్యి వేలాడిపోతుంది. కుష్ఠు వ్యాధిలోనూ ఇంతే. మందులతో క్రిమి చస్తుంది, చచ్చిన నరం లేవదు. 2022లో ప్రపంచంలో నమోదైన కొత్త కుష్ఠు కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనివే. ఆగ్రాలో మీ జాల్మా కుష్ఠు పరిశోధన సంస్థ ఉంది కాబట్టి దీని గురించి మీకు నేను చెప్పక్కర్లేదు.

తెగిన నరం చివరల మధ్య ఖాళీ ఉంటే, పిక్క వెనక నుంచి స్పర్శ నరం ముక్క కోసి తెచ్చి అతికిస్తారు. పాదం అంచు శాశ్వతంగా మొద్దుబారుతుంది. చిన్న ఖాళీలకు, మూడు సెంటీమీటర్ల లోపువాటికి, గొట్టాలున్నాయి. కొల్లాజెన్‌తో చేసినవి, ఒంట్లో కరిగిపోయే పాలిమర్లతో చేసినవి. గొట్టం చేసే పని చూడండి. చుట్టుపక్కల మచ్చ కణజాలం లోపలికి రాకుండా ఆపడం, నెమ్మదిగా పెరిగే నరం కొసకు దారి చూపడం. నైమన్ పంటి దగ్గర పొర పెట్టి చేసింది సరిగ్గా ఇదే. తొందరపడే కణాలను ఆపి, నిదానించే కణాలకు చోటూ గడువూ ఇవ్వడం. పదార్థాలూ అవే: కొల్లాజెన్, కైటోసాన్ (రొయ్యల పెంకుల నుంచి తీసే పదార్థం), కరిగే పాలిమర్లు. మా విభాగం పొరలను ఒక చోట, న్యూరో సర్జన్ గొట్టాలను ఇంకో చోట, పదార్థాల ఇంజనీరు నానో దారాలను మరో చోట పరీక్షిస్తూ ఒకరి పేరు ఒకరికి తెలియకుండా బతుకుతున్నాం.

మరో సంబంధం ఇంకా దగ్గరిది. చిగురులో మూలకణాలు (వేరే రకాల కణాలుగా మారగలిగేవి) ఉన్నాయని 2009లో తేలింది. వీటిలో చాలా భాగం పిండదశలో నరాల తోడు కణాలను కూడా పుట్టించే మూలం నుంచి వచ్చినవే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆన్ లీ, ఛున్‌జౌ జాంగ్‌ల బృందం మనుషుల చిగురు కణాలతో త్రీడీ ప్రింటింగ్ ద్వారా నరం ముక్కలాంటివి తయారు చేసి, ఎలుకల ముఖ నరంలో ఖాళీని పూరించి 2018లో ప్రచురించింది. ఎలుకల్లోనే, మనుషుల్లో కాదు. ఆ మాట గట్టిగా పట్టుకునే మాట్లాడాలి. కానీ చిగురు ఎంత సులువుగా దొరుకుతుంది! పెరిగిన చిగురు కోసినప్పుడు, క్యాప్ కోసం పన్ను ఎత్తు పెంచినప్పుడు మేం తీసే ముక్కలు రోజూ ఆసుపత్రి వ్యర్థాల పసుపు సంచిలోకి పోతున్నాయి. రోగి ఒప్పుకుంటే అవి పరిశోధనశాలకు పోవచ్చు. హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఐఐటీ, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి కలిసి త్రీడీ ప్రింటింగ్‌తో కార్నియా తయారు చేసి 2022లో కుందేలు కంట్లో పెట్టాయి. ఆ మనుషులకూ మాకూ మధ్య దూరం బస్సు టికెట్టంత. మమ్మల్ని పరిచయం చేసేవాళ్లు లేరు.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా. చిగుళ్ల క్రిములే అల్జీమర్స్‌కు కారణమని 2019లో ఒక పేపర్ రాగానే పత్రికలన్నీ గగ్గోలు పెట్టాయి. ఆ క్రిమి ఎంజైమ్‌ను అడ్డుకునే మందుతో పెద్ద ట్రయల్ జరిగింది. 2021లో ఫలితాలు వచ్చాయి, మతిమరుపు ముదరడాన్ని ఆ మందు ఆపలేదు. ఆ వార్త వేసిన పత్రికలు తక్కువ. అలాగే పాల పళ్ల మూలకణాలు దాచుకోండి, భవిష్యత్తులో పనికొస్తాయని తల్లిదండ్రుల దగ్గర డబ్బు వసూలు చేసేవాళ్లు ఉన్నారు. 2017లో మీరూ బయోటెక్నాలజీ విభాగమూ కలిసి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బొడ్డుతాడు రక్తం తప్ప ఇంకేదీ అలా వాణిజ్యపరంగా దాచడానికి అనుమతి లేదు. ఈ సంగతి ప్రజలకు ఎవరు చెబుతున్నారు?

మా కోస్తా మనిషిగా ఇంకొకటి అడగకుండా ఉండలేను. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. రొయ్యల పెంకుల్లోంచి కైటిన్, దాన్నుంచి కైటోసాన్ వస్తుంది. ఆ కైటోసాన్‌తోనే చేసిన నరాల గొట్టం జర్మనీ నుంచి యూరప్ మార్కెట్లోకి వచ్చింది. భీమవరం, కాకినాడ ప్లాంట్ల దగ్గర పెంకుల కుప్పల వాసనకు ముక్కు మూసుకుని వెళ్లే మనకు, అందులో నరాల గొట్టం ముడిసరుకు కనిపించదు. పెంకు నుంచి ఒంట్లో పెట్టేంత శుద్ధమైన సరుకు తీయడం తేలిక కాదని నాకూ తెలుసు. ప్రోటీన్ ఆనవాలు మిగలకూడదు, మిగిలితే రొయ్య పడనివాళ్లకు ప్రమాదం. బ్యాక్టీరియా విషాలు ఉండకూడదు, ప్రతి బ్యాచ్ ఒకేలా ఉండాలి. కానీ కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకు కైటోసాన్ మీద దశాబ్దాల అనుభవం ఉంది. విశాఖలో మెడ్‌టెక్ జోన్, తెలంగాణలోని సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉన్నాయి. 2017 నాటి వైద్య పరికరాల నిబంధనలు, 2023 నాటి జాతీయ విధానం ఉన్నాయి. ఫ్యాక్టరీ కట్టేవాడికి కావాల్సింది, మనుషుల మీద పరీక్షించి ఇచ్చే నమ్మకమైన ఆధారం. అది ఇవ్వగలిగే కుర్చీలు, డాక్టర్లు, రోగులు డెంటల్ కాలేజీల్లో ఉన్నారు.

మన దేశంలో ఇలాంటివి జరగవని నిరాశపడడానికి లేదు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో గుండె సర్జన్ వలియత్తాన్ గారి బృందం చేసిన గుండె కవాటం మొదటి మూడు నమూనాలూ విఫలమయ్యాయి. నాలుగోది 1990 డిసెంబరు 6న మొదటిసారి రోగికి అమర్చారు, ఆ తర్వాత లక్ష మందికి పైగా గుండెల్లో కొట్టుకుంది. సర్జన్, లోహాల ఇంజనీరు, పశువైద్యుడు ఒకే ప్రాంగణంలో ఉండబట్టి మూడు ఓటముల తర్వాత కూడా ఆ పని ఆగలేదు. క్షయ రోగులను శానిటోరియంలో పెట్టక్కర్లేదు, ఇంట్లో ఉంచి మందులిచ్చినా చాలని మద్రాసులో తేల్చి 1959లో ప్రపంచం పద్ధతినే మార్చింది మీ మండలి భాగస్వామిగా ఉన్న ట్రయలే.

శిక్షణలో ఉన్న పిల్లలతో పెద్ద ట్రయల్ నడుస్తుందా అన్న సందేహం ఉంటే బ్రిటన్‌ను చూడండి. వెస్ట్ మిడ్‌లాండ్స్‌లో సర్జరీ ట్రెయినీలు తమలో తాము జట్టుకట్టి, 21 ఆసుపత్రుల్లో 760 మంది రోగులతో రోసీనీ అనే ట్రయల్ నడిపారు. పొట్ట ఆపరేషన్లో గాయం అంచులకు ప్లాస్టిక్ రక్షణ పెడితే చీము తగ్గుతుందా అన్నది ప్రశ్న. తగ్గదని 2013లో తేలింది. ఎంత మంచి ఫలితం! పనిచేయని వస్తువు మీద పెట్టే డబ్బు మిగిలింది. మా థీసిస్‌లలో ‘పనిచేయదు’ అని తేలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఎందుకంటే అలా తేలిస్తే పేపర్ రాదని పిల్లలకు భయం.

అభ్యంతరాలు నాకు తెలుసు. థీసిస్ అంటే విద్యార్థి సొంత పని కదా అంటారు. ఉమ్మడి ట్రయల్‌లో ఒక పీజీ పొగతాగేవాళ్లలో ఫలితం చూడొచ్చు, ఒకరు షుగర్ ఉన్నవాళ్లలో, ఒకరు సర్జరీ తర్వాతి నొప్పిని, ఒకరు రోగికి అయిన ఖర్చును. తలా ఒక సొంత ప్రశ్న ఉంటుంది, కింద పునాది ఒకటే. గైడ్ పేరు పేపర్లో ఎన్నో స్థానంలో వస్తుందన్న గొడవ ఉంటుంది, దాన్ని ముందే రాసి పెట్టుకోవాలి. అసలైన ప్రతిఘటన వేరే చోట నుంచి వస్తుంది. పరీక్షలు దగ్గరపడ్డాక రాని రోగుల మూడో నెల, ఆరో నెల అంకెలు ఎలా నిండుతాయో డెంటల్ కాలేజీల్లో పనిచేసిన వాళ్లందరికీ తెలుసు. కొలిచిన రోజే ఫొటోతో సహా కేంద్ర సర్వర్‌లో అంకె ఎక్కాలంటే ఆ వసతి పోతుంది. రోగి రాకపోతే రాలేదనే రాయాలి. అందుకని, ఫాలో అప్‌కు రాని రోగుల వల్ల థీసిస్ తిరస్కరించకూడదన్న నియమం కూడా మీరే పెట్టాలి. అది లేకపోతే నిజాయితీగా ఉన్న పిల్లలే నష్టపోతారు. రోగికి ఫాలో అప్ రోజున బస్సు చార్జీ, పోయిన కూలీ ఇవ్వగలిగితే సగం మంది తప్పకుండా వస్తారు. ఈ పథకంలో నిజంగా డబ్బు కావాల్సింది అక్కడే.

దేశమంతా ఒకేసారి వద్దు. ఆంధ్రప్రదేశ్‌లో సినాప్సిస్‌లు ఆమోదించేది విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయం. ఈ రెండింటితో మొదలుపెట్టండి. జాతీయ దంత వైద్య కమిషన్ చట్టం 2023లో వచ్చింది, కొత్త నియమాలు రాసే అవకాశం ఇప్పుడే ఉంది. థీసిస్‌ను ఉమ్మడి ట్రయల్‌లో భాగంగా చేయొచ్చని అందులో ఒక్క వాక్యం చేర్చండి. మీ వైపు నుంచి ఒక గణాంక నిపుణుడు, ఒక సర్వర్, ఎథిక్స్ అనుమతికి ఒకే దరఖాస్తు ఉంటే చాలు. ఒక్కో కాలేజీ కమిటీ చుట్టూ తిరగడానికే ఏడాది పోతే ఇది మొదట్లోనే చచ్చిపోతుంది.

వచ్చే బ్యాచ్ పిల్లలు చేరి, సినాప్సిస్ గడువు పడేలోపు ప్రోటోకాల్ చేతికి రావాలి. ఆలస్యమైతే మళ్లీ ఎవరో లైబ్రరీకి వెళ్లి కలబందకు ఇంకేం కలపొచ్చా అని వెతుక్కుంటారు. ప్రోబ్ పట్టే చేతులన్నీ ఒకేలా కొలిచేలా కాలిబ్రేషన్ శిక్షణ ఇవ్వాల్సి వస్తే, మా విభాగంలో కుర్చీలు ఆదివారాలు ఖాళీగానే ఉంటాయి. నేర్పడానికి నేను వస్తాను, నా పాత పీజీల్లో కొందరు కూడా వస్తామన్నారు. మీరు తేదీ చెప్పండి.

ఇట్లు,
కోస్తా ఆంధ్ర నుంచి
ఒక చిగుళ్ల వైద్య అధ్యాపకుడు